ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని చూడటం ఎలా: రాయి, దూలం, కమాను, తేదీలు

ఉస్మానియా యూనివర్సిటీ చూడటానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు ఒక ఫొటో దిగి వెళ్లిపోతారు. తప్పేం లేదు, ఆ ద్వారం అందుకే కట్టారు. అయితే ఈ భవనంలో తెలుసుకోవాల్సిన సంగతి ద్వారంలో కంటే దానికి అటూ ఇటూ ఉన్న రెక్కల్లో, వరండా స్తంభాల దగ్గర ఎక్కువ ఉంది. సొంతంగా చూడాలనుకునేవాళ్లకూ, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి చూపించాల్సిన టీచర్లకూ పనికొచ్చేలా ఇది రాశాం. తీరిగ్గా చూస్తే మూడు గంటల పని.

బయల్దేరే ముందు

మెట్రోలో వస్తే నాగోల్-రాయదుర్గం లైనులో తార్నాకలో దిగి ఆటో ఎక్కండి. ఎమ్మెమ్టీఎస్‌లో సికింద్రాబాద్-ఫలక్‌నుమా దారిలో పక్కపక్కనే రెండు స్టేషన్లున్నాయి: ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా. పేరు చూసి రెండోదాంట్లో దిగేవాళ్లు చాలామంది. మీకు కావాల్సింది మొదటిది. రైళ్లు మెట్రో అంత తరచుగా ఉండవు, వేళలు చూసుకుని బయల్దేరండి.

వెంట ఉండాల్సినవి: 5 మీటర్ల టేపు, మీటరు పొడవున్న నిటారు కర్ర, గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, చిన్న టార్చి, ఉంటే ఒక బైనాక్యులర్. ఫోనులో దిక్సూచి ఎటూ ఉంటుంది. నీళ్లు మరిచిపోవద్దు, ప్రాంగణం సుమారు 1,300 ఎకరాలు, నడక ఎక్కువే.

వేళ ఎంచుకోవడంలోనే సగం పనుంది. రాతి మీద చెక్కడం కంటికి ఆనాలంటే వెలుతురు గోడను ఒరుసుకుంటూ ఏటవాలుగా పడాలి. మిట్టమధ్యాహ్నం నిలువుటెండలో చూరు నీడ గోడంతా కమ్మేస్తుంది, కమానుల అంచులు కనబడవు. పొద్దున్నే వెళ్తే నడకకొచ్చేవాళ్లు తప్ప జనం ఉండరు. తరగతులు నడిచే రోజుల్లో లోపలికి వెళ్లాలంటే కాలేజీ ఆఫీసులో ముందుగా అడగండి. ట్రైపాడ్ పెట్టాలన్నా అంతే. వానాకాలంలో రాతి మెట్ల మీద పాచి పడుతుంది, నున్నటి అడుగున్న చెప్పులు వద్దు.

తేదీలు ముందు సరిచేసుకోండి

ఈ ప్రాంగణం గురించి వినబడే తప్పుల్లో ఎక్కువ తేదీలవే. "1918లో నిజాం కట్టించిన భవనం" అంటూ మొదలుపెడితే పక్కనే ఉన్న విద్యార్థి నవ్వుతాడు. యూనివర్సిటీ వయసు వేరు, భవనం వయసు వేరు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ యూనివర్సిటీ పెట్టమని ఫర్మానా ఇచ్చింది 1917 ఏప్రిల్ 26న. ఆ ఆలోచనను కాగితం మీద పెట్టి నిజాం ముందుంచింది ఆయన ప్రభుత్వంలోని ఉన్నతాధికారి సర్ అక్బర్ హైదరీ. 1918లో చార్టర్ వచ్చింది. 1919లో తరగతులు మొదలయ్యాయి, అప్పటికి ఈ అడిక్‌మెట్ గుట్టల మీద యూనివర్సిటీ భవనమేదీ లేదు. గన్‌ఫౌండ్రీ దగ్గరి బంగ్లాల్లో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో నడిచిందది. ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది 1934 జూలై 5న, ప్రారంభం 1939 డిసెంబర్ 4న. అంటే యూనివర్సిటీ పుట్టిన ఇరవై ఏళ్లకు గానీ దాని ముఖం అనదగ్గ భవనం లేవలేదు.

ఇంకో తేదీ కూడా గుర్తుంచుకోవాలి: 1948. అప్పటిదాకా ఇక్కడ బోధన ఉర్దూలో. దేశంలో ఒక భారతీయ భాషను ఉన్నత విద్యకు మాధ్యమం చేసిన తొలి యూనివర్సిటీ ఇదే. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. లెక్కలు, రసాయనశాస్త్రం, చరిత్ర ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలుండాలి కదా, అందుకని 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం పెట్టారు. తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువున్న రాజ్యంలో ఉర్దూ మాధ్యమం ఎంతవరకు సబబన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తెలుగు శాఖ మాత్రం మొదటినుంచీ ఉంది, రాయప్రోలు సుబ్బారావు అక్కడే ఆచార్యుడు. సినారె ఉర్దూ మాధ్యమంలో డిగ్రీ చదివి, తర్వాత ఇక్కడే తెలుగు ఎమ్మే చేశారు. పోలీసు చర్య తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది.

ఈ తేదీల్ని ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తర్వాత ఏ భవనం ముందు నిలబడ్డా అది ఏ రెండు తేదీల మధ్యదో అడిగితే చాలు.

మొదటి చూపు దూరం నుంచి

నేరుగా మెట్ల దగ్గరికి వెళ్లకండి. ముందు రెక్క ఒక కొస నుంచి రెండో కొస దాకా ముఖభాగం వెంట అడుగులు లెక్కపెడుతూ నడవండి. ఆ లెక్కలో ముప్పావు వంతు దూరం భవనానికి ఎదురుగా వెనక్కి వెళ్లండి. ఫోను మామూలు లెన్సులో మొత్తం ముఖభాగం పట్టేది అక్కడి నుంచే. ఇంకా దగ్గర్నుంచి వెడల్పు లెన్సు పెడితే రెక్కలు సాగిపోతాయి, ద్వారం చిన్నబోతుంది. దగ్గరగా నిలబడి ఫోను పైకెత్తితే గోడలన్నీ వెనక్కి వాలినట్టు వస్తాయి. ఫోను నిటారుగానే పట్టుకుని, పైభాగం తెగిపోతోందంటే ఇంకాస్త వెనక్కి జరగండి.

ఆ దూరం నుంచి మూడు సంగతులు చూడాలి. భవనం సమరూపం: నడుమ గీత గీస్తే ఎడమా కుడీ ఒకటే. నడిమి ముద్ద రెక్కలకంటే ఎత్తుగా, దాదాపు కిటికీలు లేని బరువైన గోడలా లేచి, దాని మధ్యలో ఒకే ఒక పెద్ద కమాను గూడు ఉంటుంది. రెక్కలు అడ్డంగా పరుచుకుంటాయి. నిలువుకూ అడ్డానికీ మధ్య ఈ లాగుడే భవనానికి గాంభీర్యం ఇస్తుంది. దగ్గరికి వెళ్లాక ఇది కనబడదు.

ఎత్తు తెలుసుకోవాలంటే రెండు దారులు. ఎండ ఉంటే మీటరు కర్రను నేలమీద నిటారుగా నిలిపి దాని నీడ కొలవండి, వెంటనే భవనం నీడ కొలవండి. భవనం నీడను కర్ర నీడతో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. కొలతల మధ్య పది నిమిషాలు దాటితే నీడ జరిగి లెక్క తప్పుతుంది. పైగోడ కింది గోడకంటే వెనక్కి ఉంటే నీడను కింది గోడ నుంచి కాక, పైగోడ ఉన్న వరస నుంచి కొలవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఎండ లేకపోతే రాళ్ల వరసలు లెక్కపెట్టండి. అందినంత ఎత్తులో ఐదు వరసల మొత్తం ఎత్తు టేపుతో కొలిచి, ఐదుతో భాగించి, పైదాకా ఉన్న వరసల సంఖ్యతో హెచ్చవేయండి. వరసలన్నీ సమానంగా ఉండవు కాబట్టి ఒక్క వరస కొలిచి హెచ్చవేస్తే తేడా పెద్దదవుతుంది.

రాయి దగ్గర ఐదు నిమిషాలు

ఇప్పుడు దగ్గరికి వెళ్లి గోడకు ముఖం ఆనేంత దగ్గరగా నిలబడండి. ఇది గులాబీ ఛాయ గ్రానైటు, హైదరాబాద్ చుట్టూ గుట్టలుగా గుండ్లుగా కనిపించేదే. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. టార్చి పక్కనుంచి వేసి చూస్తే మూడు రకాల పలుకులు విడిగా కనబడతాయి: గులాబీ రంగువి ఫెల్డ్‌స్పార్, గాజులా బూడిదరంగువి క్వార్ట్జ్, నల్లగా మెరిసే పొరలు అభ్రకం జాతివి. గోడంతా గులాబీగా అనిపించడానికి కారణం మొదటిదే. వాన పడ్డాక రంగు ముదురుతుంది, అదీ చూడదగ్గదే.

ఈ రాయి గట్టితనం తెలిస్తే చెక్కడం ఎందుకలా ఉందో అర్థమవుతుంది. ఇసుకరాయిలోనో పాలరాయిలోనో చెక్కినంత సన్నటి పూలతీగలు గ్రానైటులో నిలవవు, ఉలి కింద పలుకు పలుకుగా రాలిపోతుంది. అందుకే ఇక్కడి అలంకరణ ఎక్కువగా వెడల్పాటి పట్టీలు, లోతైన గాళ్లు, నీడ పట్టే మూలలు. హైకోర్టు ఎర్ర ఇసుకరాయి చెక్కడాన్ని చూసొచ్చినవాళ్లు "ఇక్కడ పనితనం తక్కువ" అనుకుంటారు. పనితనం తక్కువ కాదు, రాయి వేరు.

రాతిని చీల్చే పద్ధతి గుర్తులు కూడా వెతకండి. మన వడ్డెర పనివాళ్ల పాత పద్ధతిలో రాతి మీద గీత గీసి, దాని వెంట వరసగా గుంటలు తొలిచి, ఒక్కోదాంట్లో ఇనుప చీల దిగ్గొట్టి, చీలలన్నీ ఒకదాని తర్వాత ఒకటి సమానంగా కొడతారు. ఒకే చీలను గట్టిగా కొడితే రాయి వంకరగా పగులుతుంది. నునుపు చేయని రాయి అంచున సగం గుంటలు వరసగా కనబడితే అవే. ముఖభాగంలో వాటిని చెక్కేస్తారు, కాబట్టి వెనక గోడలు, పునాది రాళ్లు, ప్రాంగణంలో మిగిలిన గుండ్లు చూడండి.

దూలం కింద, కమాను పైన

అసలు చూడాల్సింది ఇది. రెక్కల ముందు నిలబడి కింది అంతస్తును, పై అంతస్తును విడివిడిగా చూడండి. కింద స్తంభాల మీద దూలం, బరువైన స్తంభాలు, అజంతా ఎల్లోరా గుహల మండపాలను గుర్తుచేసే తీరు. పైన కొస తేలిన కమానులు, దక్కన్ సుల్తానుల కట్టడాల్లో చూసే తీరు. ఒకే గోడలో ఒకదాని మీద ఒకటి. చాలా వ్యాసాలు దీన్ని "హిందూ ముస్లిం సమ్మేళనం" అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. ఉద్దేశం అదే అయినా, ఆ మాట దగ్గరే ఆగితే కట్టడం కనబడకుండా పోతుంది. రెండు పద్ధతుల బరువు లెక్క వేరు, అది కళ్లతోనే చూడొచ్చు.

దూలం పద్ధతిలో అడ్డంగా పెట్టిన రాయి పైబరువుకు కిందికి వంగాలని చూస్తుంది. అలా వంగేటప్పుడు దాని అడుగు సాగుతుంది. రాయి నొక్కుడుకు ఎంత గట్టిదో సాగుడుకు అంత బలహీనం, పదో వంతు కూడా తట్టుకోదు. కాబట్టి స్తంభాలు దగ్గరగా ఉండాలి, లేదా స్తంభం తల మీద బోదె అనే రాతి దిమ్మె పెట్టి దూలానికి అటూ ఇటూ ఆసరా ఇవ్వాలి. ఒక అంకణం (రెండు స్తంభాల మధ్య జాగా) ఎంచుకుని, స్తంభం నుంచి స్తంభానికి దూరం టేపుతో కొలవండి. తర్వాత బోదెల కొసల మధ్య దూరం కొలవండి. నిజంగా దూలం ఆసరా లేకుండా దాటుతున్నది రెండో దూరమే. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాస్తే బోదె అలంకారం కాదని పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

కమాను పద్ధతిలో రాళ్లన్నీ నొక్కుడులోనే ఉంటాయి, కాబట్టి వెడల్పుగా దాటొచ్చు. కానీ కమాను పక్కలకు తోస్తుంది. వరసలో ఒక కమాను తోపును పక్కది ఆపుతుంది, చివరి దాన్ని ఆపేదెవరు? వరస చివర మూల ముద్ద దగ్గరికి నడిచి, గోడ మందం చూడండి. సమాధానం అక్కడుంది.

ఒక చిన్న పరీక్ష కూడా చేయండి. బైనాక్యులర్‌తో కమాను అతుకులు చూడండి. అతుకులు కమాను లోపలి కేంద్రం వైపు చూస్తూ విచ్చుకున్నట్టు ఉంటే అది బరువు మోసే కమాను. అతుకులు గోడ వరసల్లాగే అడ్డంగా సాగిపోతుంటే ఆకారం మాత్రమే కమాను, బరువు మోసేది ఇంకేదో. ప్రతి చోటా విడిగా చూసి రాసుకోండి, ఒక చోట చూసి భవనమంతటికీ అంటగట్టొద్దు.

కైరో దారి

ద్వారం దగ్గరికి వచ్చేసరికి ఇంకో ఊరు గుర్తొస్తుంది. యూనివర్సిటీకి స్థలం ఎంపికలో నగర ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడ్డెస్ సలహా తీసుకున్నారు. తర్వాత 1930 ప్రాంతంలో నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు వాస్తుశిల్పులను ఇతర దేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు. ప్రణాళికకు పిలిచింది ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పిని. ఆయన కైరో పక్కన ఎడారిలో లేచిన హీలియోపొలిస్ పట్టణంలో పనిచేసినవాడు. 1910లో తెరిచిన అక్కడి ప్యాలెస్ హోటల్ ఆయన డిజైనే, ఇప్పుడది ఈజిప్టు అధ్యక్ష భవనం. ఆర్ట్స్ కాలేజీ ద్వారాన్ని, కైరోలో 14వ శతాబ్దపు సుల్తాన్ హసన్ మద్రసా ద్వారాన్ని ఫోనులో పక్కపక్కన పెట్టి చూడండి. మనిషిని చీమను చేసే ఆ ఎత్తు, చదునైన గోడలోకి లోతుగా దిగిన గూడు, రెండింట్లోనూ ఒకే ఎత్తుగడ.

ఇదే ఊళ్లో ఇంకో వింత. హీలియోపొలిస్ పట్టణం కట్టించిన బారన్ ఎంపాన్ తన ఇంటిని గుడి గోపురాల నమూనాలో కట్టించుకున్నాడు, దాని శిల్పి అలెగ్జాండ్ర్ మార్సెల్. కైరోలో హిందూ గోపురం, హైదరాబాద్‌లో కైరో ద్వారం!

ఒక పొరపాటు మాత్రం చేయొద్దు. హైకోర్టు, కాచిగూడ స్టేషన్ కట్టిన విన్సెంట్ ఎష్ పేరు దీనికీ తగిలిస్తుంటారు. ఎష్ పనులు 1910ల నాటివి, ఇది ఆ తర్వాతి తరం. గుంపుతో వస్తే కాచిగూడ స్టేషన్, తర్వాత ఇది, అదే రోజు చూపించడం మంచిది. రెండు దశాబ్దాల్లో నగరం రుచి ఎలా మారిందో మాటలు అక్కర్లేకుండానే తెలుస్తుంది.

మెట్లు

మెట్ల మీద కూర్చోకుండా వెళ్లకండి. ఈ చదును జాగా తెలంగాణ రాజకీయాలకు వేదిక. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరిస్తే చాలామందికి నాగపూర్ యూనివర్సిటీ చోటిచ్చింది. అప్పటికి ఈ భవనం ఇంకా కడుతున్నారు, కాబట్టి ఆ పాట ఈ మెట్ల మీద పాడారని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 1969 ఉద్యమం, 2009 నుంచి రాష్ట్రం వచ్చేదాకా సాగిన ఉద్యమం మాత్రం ఈ ముంగిట్లోనే కేంద్రీకృతమయ్యాయి. సభలు జరిగే రోజు దారులు మూస్తారు, ముందుగా వార్తలు చూసుకోండి.

భవనానికి తగిలే దెబ్బలు

టీచర్లు పిల్లలకు తప్పకుండా చూపించాల్సిన భాగం. చూరు కిందా, వాననీటి గొట్టాల పక్కనా గోడను పరిశీలించండి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది ఉప్పు. గోడలోకి నీళ్లు దిగి, ఆరేటప్పుడు ఉప్పును మోసుకొచ్చి పైన వదిలేశాయన్నమాట. నీటిని ఆపకుండా పైన రంగు వేసినా, ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ వస్తుంది.

డంగు సున్నం పూసిన పాత అతుకుల మీద సిమెంటు నింపడం పాత రాతి భవనాల్లో తరచుగా జరిగే పొరపాటు. సున్నం గాలి పీలుస్తుంది, కొంచెం సాగుతుంది. సిమెంటు గట్టిగా బిగుసుకుని తడిని లోపలే బంధిస్తుంది. రెంటినీ గుర్తుపట్టడం కష్టం కాదు: సిమెంటు ముదురు బూడిదరంగు, అతుకు దాటి రాతి మీదికి ఒలికి ఉంటుంది, అంచున సన్నటి పగులు ఉంటుంది. సున్నం తెల్లగా లేదా గోధుమరంగులో, గోటితో గీస్తే పొడి రాలేలా ఉంటుంది. భవనం మీద మాత్రం గీకి చూడొద్దు, చూపుతోనే పని కానివ్వండి.

పిట్టగోడల అతుకుల్లో రావి మొక్క కనబడితే దాన్ని పీకడం పరిష్కారం కాదు. పైది తెగి వేరు లోపలే ఉండిపోతుంది, తర్వాత లావెక్కి రాళ్లను విడదీస్తుంది. మొక్కను మొదలు దగ్గర నరికి, వేరు చచ్చాక అతుకును సున్నంతోనే మూయాలి. పోస్టర్ల జిగురు పోగొట్టడానికి యాసిడ్ వాడటం ఇంకో చేటు. ఫెల్డ్‌స్పార్ మసకబారుతుంది, ఇనుము ఉన్నచోట తుప్పు మరక తేలుతుంది. వేడినీళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక చాలు.

మిగతా ప్రాంగణం, కావాలంటే

అన్నీ చూడక్కర్లేదు. ఇంజినీరింగ్ కాలేజీ 1929లో మొదలై 1947లో ఇప్పటి భవనంలోకి వచ్చింది, ఆర్ట్స్ కాలేజీ చూసిన కళ్లతో దాన్ని చూస్తే పోలిక, తేడా రెండూ దొరుకుతాయి. లైబ్రరీ, ఠాగూర్ ఆడిటోరియం స్వాతంత్ర్యం తర్వాతివి, గ్రానైటు కమానుల కాలం అయిపోయాక కట్టినవి. లైబ్రరీలో తాళపత్రాలున్నాయి, పరిశోధన అవసరం ఉంటే అనుమతి అడగండి.

అందరూ వదిలేసేది ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) వైపున్న మెట్లబావి. అడిక్‌మెట్ ఒకప్పుడు మహ్ లఖా బాయి చందా జాగీరు. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి, ఆస్థాన నర్తకి ఆమె. యూనివర్సిటీకంటే నూరేళ్ల ముందే ఈ నేలకు ఒక చరిత్ర ఉందని చెప్పేది ఆ బావే. ఒంటరిగా దిగొద్దు, దారి అక్కడి సెక్యూరిటీని అడగండి. ఆమె సమాధి మాత్రం ఇక్కడ కాదు, మౌలాలి గుట్ట కింద.

కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీని, బషీర్‌బాగ్ దగ్గరి నిజాం కాలేజీని ఈ నడకలో కలిపితే రోజు చాలదు. నిజాం కాలేజీ 1887 నాటిది, 1947 దాకా మద్రాసు యూనివర్సిటీకి అనుబంధంగా ఇంగ్లీషులో చదువు చెప్పింది. దానికోసం వేరే పూట పెట్టుకోండి.

ఇంటికెళ్లాక ఏదైనా తేదీ మీద అనుమానం వస్తే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలపు ప్రభుత్వ కాగితాలు అక్కడివే. చాలావరకు ఉర్దూ, ఫార్సీల్లో ఉంటాయి కాబట్టి ఆ లిపి చదవగలిగినవాళ్లను తోడు తీసుకెళ్లండి. అడిగేటప్పుడు భవనం పేరొక్కటే చెబితే సిబ్బందికి వెతకడం కష్టం, 1934-39 అని ఏళ్లు కూడా రాసివ్వండి.